లంద నుంచి లేబొరేటరీ దాకా: తోలు, క్రోమియం, మైల

తెలుగులో రెండు మాటలున్నాయి. ఒకటి మైల, రెండోది కాలుష్యం. మైల మనుషుల మీద కులం వేసిన ముద్ర. దాన్ని ఏ పరికరమూ కొలవలేదు, ఎందుకంటే అలాంటి పదార్థం ఏదీ లేదు. కాలుష్యం నీళ్లలో, మట్టిలో, ఒంట్లో చేరే విషం. దాన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని కొలిచి చెప్పొచ్చు. లేని మైల పేరు చెప్పి మన తాతముత్తాతలను ఊరి బయట ఉంచినారు. ఉన్న కాలుష్యం కూడా చివరికి ఆ ఊరి బయటికే వచ్చి చేరింది. ఈ రెంటికీ మధ్య నడిచిన చరిత్రను తోలు అనే ఒక్క సరుకును పట్టుకుని చెప్పడమే ఈ వ్యాసం పని.

ఇది రసాయన శాస్త్రం గురించిన వ్యాసం కూడా. లోహ సంశ్లిష్టాలు, విద్యుద్రసాయన శాస్త్రం, విషపదార్థాల విచ్ఛిన్నం అనే మాటలు వినగానే ఇవి మనవి కావనుకుని పేజీ తిప్పేసే అలవాటు మనలో ఉంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే మన పిల్లలు కూడా ల్యాబులో ఉన్నది వేరు, వాడలో ఉన్నది వేరు అనుకుంటారు. మేమూ అట్లాగే అనుకున్నాం. మా కుటుంబాల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మాది. సమన్వయ సమ్మేళనాల పాఠం చదివి, పరీక్ష రాసి, పాసై, చాలా ఏళ్లు గడిచినాక గానీ ఆ పాఠానికీ మా తాతల లందకూ చుట్టరికం ఉందని మాకు తట్టలేదు. ఆ చుట్టరికాన్ని మాకు ఏ మాస్టారూ చెప్పలేదు. చెప్పాల్సిన పుస్తకమే రాయలేదు కాబట్టి మాస్టార్లను అని లాభం లేదు.

లందలో జరిగిందేమిటి?

పచ్చి తోలు మూడు నాలుగు రోజుల్లో కుళ్లిపోతుంది. తోలులో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రోటీను. మూడు గొలుసులు తాడు పేనినట్టు పెనవేసుకుని ఉంటాయి. సూక్ష్మజీవులు ఆ గొలుసులను తెంపితే అది కుళ్లు. తెంపలేకుండా గొలుసుకూ గొలుసుకూ మధ్య గట్టి ముడులు వేస్తే అది తోలు ఊనడం. మొత్తం తోలు పరిశ్రమ ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది.

మాదిగలు ఆ ముడులు తంగేడు చెక్కతో వేసినారు. ముందు తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకను వదిలించేవాళ్లు. రంపెతో మాంసం గీకేవాళ్లు. సున్నం పోయేదాకా కడిగి లందలో తంగేడు చెక్క నీళ్లలో వేసేవాళ్లు. కొన్నిచోట్ల తోలును సంచిలా కుట్టి, వేలాడదీసి, లోపల చెక్క నింపి నీళ్లు పోసేవాళ్లు. ఆ నీరు తోలులోంచి ఊరి కిందికి దిగేది. రోజులు, వారాలు పట్టే పని. తంగేడుతో ఊనిన తోలు ఎండకు ఎర్రబడుతుంది. అందుకని చివర కరక్కాయ నీళ్లు పట్టించేవాళ్లు.

ఇప్పుడు దీన్నే కెమిస్ట్రీ భాషలో చెప్పుకుందాం. తంగేడు చెక్కలోనూ కరక్కాయలోనూ టానిన్లు అనే పాలీఫినాల్సు ఉన్నాయి. అవి కొల్లాజెన్ గొలుసులను హైడ్రోజన్ బంధాలతో పట్టి ఉంచుతాయి. తంగేడులోవి ఒక తరగతి టానిన్లు, కరక్కాయలోవి వేరే తరగతి. రెండింటినీ ఏ వరసలో వాడాలో తెలియడం అంటే ఆ రెండు తరగతుల తేడా చేతికి తెలియడమే. టానిన్లకు ఇనుము తగిలితే తోలు నల్లబడుతుంది. ఆ నలుపు ఒక లోహ సంశ్లిష్టం. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద తుప్పు ఇనుము, బెల్లం నీళ్లతో తీసిన కసిం గీస్తే నల్లని గీత పడేది ఇందువల్లే. కలంకారీని కళ అన్నారు, మంచిదే. అదే టానిను లందలో ఉంటే మైల అన్నారు.

లండన్‌లో హంఫ్రీ డేవీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1803లో తోలు ఊనే చెట్ల రసాల మీద ఒక పరిశోధన పత్రం వేసినాడు. బొంబాయి నుంచి, బెంగాల్ నుంచి పోయిన కాచును ఆయన పరీక్షించినాడు. ఇదే డేవీ 1807లో విద్యుత్తును పంపి సోడియం, పొటాషియం లోహాలను వేరు చేసినాడు. విద్యుద్రసాయన శాస్త్రానికి పునాది వేసిన వాళ్లలో ఒకడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆయన తోలు నీళ్లలో చెయ్యి పెట్టినందుకు రాయల్ సొసైటీ ఆయన్ను బయట నిలబెట్టలేదు. ఇక్కడ అదే నీళ్లలో చెయ్యి పెట్టినవాడిని బావి దగ్గరకు రానివ్వలేదు. విషయం తోలు కాదు, కులం.

మోట బొక్కెన మీద జరిగిన ప్రయోగం

ఊళ్లో మాదిగకు దక్కింది కళ్లం దగ్గర మేర, చచ్చిన గొడ్డు తోలు. బదులుగా చెప్పులు, పగ్గాలు, వార్లు, మోట బొక్కెనలు ఇయ్యాలి. మోట నడిచే కాలంలో బావిలోంచి నీళ్లు తోడేది తోలు బొక్కెనే. పొలాన్ని తడిపిన ప్రతి చుక్కా మాదిగ కుట్టిన తోలులోంచి వచ్చింది. ఆ నీళ్లకు మైల లేదు. కుట్టిన చేతికి ఉంది. ఈ తర్కాన్ని ఏ ధర్మశాస్త్రమూ వివరించలేదు, వివరించాల్సిన అవసరం దానికి లేకపోయింది.

ఈ మోట బొక్కెన దగ్గరే క్రోమియం మన చరిత్రలోకి వచ్చింది. ఐరోపాలో ఫ్రెడరిక్ నాప్ 1858లో లోహ లవణాలతో తోలు ఊనవచ్చని చూపినాడు. అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ 1884లో రెండు తొట్ల పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మార్టిన్ డెన్నిస్ 1893లో ఒకే తొట్టి పద్ధతి తెచ్చినాడు. సరిగ్గా ఆ 1893లోనే ఆల్ఫ్రెడ్ వెర్నర్ లోహ సంశ్లిష్టాల సిద్ధాంతం ప్రకటించినాడు. దానికి 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ ఆగి గమనించాల్సింది ఒకటుంది. షుల్జ్ పేటెంటు తీసుకునేనాటికి క్రోమియం తోలును ఎట్లా పట్టుకుంటుందో చెప్పే సిద్ధాంతం లేదు. వెర్నర్ చెప్పాల్సింది ఇంకా తొమ్మిదేళ్ల తర్వాత. అంటే పడమటి దేశాల్లో కూడా చేత ముందు వచ్చింది, సిద్ధాంతం వెనక వచ్చింది. అయినా షుల్జ్‌ను ఆవిష్కర్త అంటాం. మాదిగను మాత్రం 'సిద్ధాంతం తెలియని పనివాడు' అంటాం. సిద్ధాంతం లేకపోవడం ఒక్కటే కారణమైతే ఇద్దరికీ ఒకే పేరు ఉండాలి.

మద్రాసులో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1900ల మొదటి దశాబ్దంలో క్రోము తోలు ప్రయోగాలు మొదలుపెట్టినాడు. క్రోము తోలు నీళ్లలో నానినా త్వరగా చెడదు. అందుకని బావి బొక్కెనలకు పనికొస్తుందని ఆయన లెక్క. శాస్త్రం తిన్నగా మాదిగ చేసే సరుకు మీదికే వచ్చింది, మాదిగ దగ్గరకు మాత్రం రాలేదు. తంగేడు చెట్టు చేనుగట్టు మీద దొరుకుతుంది. క్రోమియం లవణం కొనాలి. దానికి తిరిగే పీపాలు కావాలి, ఆమ్లం కావాలి, పెట్టుబడి కావాలి. లంద యజమాని మాదిగే, ఎంత పేదవాడైనా. పీపా యజమాని వర్తకుడు. మాదిగ ఆ పీపా దగ్గర కూలీ అయినాడు. వారాలు పట్టే పని ఒకటి రెండు రోజులకు దిగింది. ఆ మిగిలిన రోజుల లాభం ఎవరికి పోయిందో చెప్పనవసరం లేదు.

క్రోమియం పట్టు

ఆ పట్టు ఎట్లాంటిదో తెలుసుకోవాలి, ఎందుకంటే తర్వాతి కష్టమంతా దాంట్లోంచే వచ్చింది. ఎలక్ట్రాన్లు మూడు పోయిన క్రోమియం అయాను తన చుట్టూ ఆరు చోట్ల ఇతర అణువులను పట్టుకుంటుంది. వాటిని లైగాండ్లు అంటారు. తోలులోని కొల్లాజెన్ గొలుసుల మీద ఆమ్ల గుంపులున్నాయి. అవి లైగాండ్లుగా వచ్చి క్రోమియంకు తగులుకుంటాయి. ఒక గొలుసు ఇటు, ఇంకొక గొలుసు అటు పట్టుకుంటే మధ్యలో క్రోమియం ముడి. ఈ అయాను ఒకసారి పట్టుకున్నదాన్ని అంత తేలికగా వదలదు. పచ్చి తోలును 65 డిగ్రీల దాకా వేడి చేస్తే ముడుచుకుపోతుంది. చెక్కతో ఊనింది 80 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. క్రోము తోలు మరిగే నీళ్లలో కూడా నిలుస్తుంది. ఇది చిన్న విషయం కాదు. దీన్ని సాధించిన రసాయన శాస్త్రాన్ని మేం తక్కువ చెయ్యం.

కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ 1948లో మద్రాసు అడయారులో మొదలైంది. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరు. బెనారస్‌లో చదివి, అమెరికాలో లీహై యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి వచ్చినాడు. ఆ సంస్థ ఇచ్చిన కంగారూ తోక కొల్లాజెన్‌తోనే మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో మూడు గొలుసుల నిర్మాణాన్ని ప్రతిపాదించినారు. తోలు ముట్టడం తప్పుగా చూసే దేశంలో చదువుకున్నవాళ్లు తోలు మీద పరిశోధన చెయ్యడం, ఫ్యాక్టరీల్లోకి దిగడం నిజంగా ఒక మార్పే. నాయుడమ్మ 1985 జూన్ 23న కనిష్క విమాన ప్రమాదంలో పోయేదాకా శాస్త్రం పేదవాడికి చేరాలనే మాట్లాడినాడు.

కానీ ఒక మాట చెప్పక తప్పదు. అగ్రకులంవాడు, శూద్ర రైతు కులంవాడు తోలు ముడితే అది త్యాగం, ఆధునికత అయ్యింది. మాదిగ ముడితే అది కులవృత్తిగానే మిగిలింది. తోలు ల్యాబులోకి పోయి మైలను వదిలించుకుంది. తోలు పని చేసే మనిషి వదిలించుకోలేకపోయినాడు. 2016 ఆగస్టులో అమలాపురంలో కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్నారని మాదిగ సోదరులను కట్టేసి కొట్టినారు. అంతకు నెల ముందే గుజరాత్‌లో ఊనాలో అదే జరిగింది. లంద పోయి నూరేళ్లయినా లంద మీద ఉన్న కోపం పోలేదు.

క్రోమియం ఎక్కడికి పోయింది?

మామూలు పద్ధతిలో తొట్టిలో వేసిన క్రోమియంలో నూటికి 60 నుంచి 70 పాళ్లే తోలుకు పడుతుంది. మిగిలింది నీళ్లతో బయటికి పోతుంది. ఉప్పు, సున్నం, సల్ఫైడు కూడా దానితో పోతాయి. పాలారు నది కర్ణాటకలో పుట్టి మన చిత్తూరు సీమను తాకి తమిళనాడుకు పోతుంది. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట ఫ్యాక్టరీల నీళ్లు ఆ నదిలోకి, దాని ఒడ్డు పొలాల్లోకి పోయినాయి.

దీని మీద సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. ఆ తీర్పులో నమోదైన విషయాలు చూడండి. తమిళనాడులో దాదాపు 900 తోళ్ల ఫ్యాక్టరీలు. సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతగానో పాడైంది. దిండిగల్ ప్రాంతంలో 13 ఊళ్లలో 467 బావులు చూస్తే 350 బావుల నీళ్లు చెడిపోయినాయి. ఒక్కో ఫ్యాక్టరీకి 10,000 రూపాయల జరిమానా వేసి, బాధితులకు పరిహారం లెక్కగట్టడానికి ఒక అథారిటీ పెట్టమన్నారు. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన చట్టంలో గట్టిగా నిలబడింది ఈ తీర్పుతోనే. ఆ తీర్పులో వేలూరు ప్రాంతం పేరు ఉత్తర ఆర్కాట్ అంబేడ్కర్ జిల్లా. మహాడ్‌లో 1927లో చవదార్ చెరువు నీళ్లు అంబేడ్కర్ తాగినాడని పంచగవ్యం కలిపిన కుండలతో చెరువును 'శుద్ధి' చేసినారు. ఆయన పేరు పెట్టిన జిల్లాలో నదినే పాడు చేస్తే ఏ పురోహితుడూ కుండ పట్టుకుని రాలేదు.

రాణిపేటలో ఇంకొక కథ ఉంది. తోళ్లకు కావాల్సిన లవణానికి మూలం సోడియం డైక్రోమేటు. ఒడిశాలో సుకింద లోయ గనుల్లోంచి వచ్చే క్రోమైటు రాయిని సోడాతో కాల్చి దాన్ని తీస్తారు. అందులో ఉన్నది ఎలక్ట్రాన్లు ఆరు పోయిన క్రోమియం. మూడు పోయినదానికీ ఆరు పోయినదానికీ చాలా తేడా. రెండోది నీళ్లలో కరిగి దూరం పోతుంది, జీవకణంలోకి చొరబడుతుంది. క్యాన్సరు తెస్తుందని అంతర్జాతీయ సంస్థ 1990లో తేల్చింది. రాణిపేటలో మూతపడిన ఒక ఫ్యాక్టరీ వెనక లక్షన్నర టన్నులకు పైగా ఈ వ్యర్థం గుట్టగా మిగిలింది. ప్రపంచంలో అతి కలుషితమైన పది చోట్లలో రాణిపేట ఒకటని 2006లో ఒక విదేశీ సంస్థ జాబితా వేసింది. మరుసటి ఏడు జాబితాలో సుకింద చేరింది. గని దగ్గర ఆదివాసి, తొట్టి దగ్గర దళితుడు. ఒకే లోహం ఇద్దరి ఊళ్లనూ కలిపింది.

'శుద్ధి' అనే మాట

ఈ నీళ్లను బాగుచేసే కెమిస్ట్రీ ఉంది. సేంద్రియ పదార్థాలను విచ్ఛిన్నం చెయ్యొచ్చు. 1894లో ఫెంటన్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ వాడతారు. ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడు కలిస్తే పుట్టే రాడికల్సు చాలా రంగులను, టానిన్లను ముక్కలు చేస్తాయి. విద్యుత్తుతో కూడా చెయ్యొచ్చు. తోళ్ల నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి కరెంటు బాగా పారుతుంది. ఆనోడు దగ్గర క్లోరైడు క్లోరినుగా, హైపోక్లోరైటుగా మారి మురికిని తింటుంది. తమిళనాడులోనే కారైకుడిలో విద్యుద్రసాయన పరిశోధనా సంస్థ ఉంది.

కానీ లోహాన్ని విచ్ఛిన్నం చెయ్యలేం. క్రోమియం మూలకం. దాని రూపం మార్చగలం, చోటు మార్చగలం, లేకుండా చెయ్యలేం. నీళ్లలో ఇనుప పలకలు పెట్టి కరెంటు పంపితే ఆనోడు నుంచి ఇనుము కరుగుతుంది. ఒక్కో ఇనుప అయాను ఒక్కో ఎలక్ట్రాను ఇచ్చుకుంటుంది. మూడు ఇనుప అయాన్లు కలిస్తే ఒక్క విష క్రోమియం ఆరు నుంచి మూడుకు దిగుతుంది. తర్వాత అది హైడ్రాక్సైడుగా బురదలో కూర్చుంటుంది. నీళ్లు తేటపడతాయి, బురద మిగులుతుంది.

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. క్రోమియంను ముందే తీసెయ్యకుండా బలమైన ఆక్సీకరణం చేస్తే, అంతగా హాని చెయ్యని మూడో రూపం మళ్లీ ఆరో రూపానికి ఎక్కవచ్చు. అంటే వరస తప్పితే శుద్ధే విషాన్ని తయారు చేస్తుంది. ఈ వరస తంగేడు, కరక్కాయల వరస వంటిదే. తెలిసినవాడి చేతిలో ఉంటేనే పని జరుగుతుంది.

మరి బురద ఎవరు ఎత్తుతారు? 2015 జనవరి 31 తెల్లవారుజామున రాణిపేట పారిశ్రామికవాడలో వ్యర్థజలాల శుద్ధి కేంద్రం బురద ట్యాంకు గోడ కూలింది. పక్కన నిద్రపోతున్న 10 మంది ఆ బురదలో చచ్చిపోయినారు. ఎక్కువ మంది పశ్చిమ బెంగాల్ నుంచి వలస వచ్చిన కార్మికులు. ఐరోపా దేశాలు 2015 మే 1 నుంచి ఒంటికి తగిలే తోలు సరుకులో విష క్రోమియం కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం పెట్టినాయి. కొనేవాడి పాదానికి కొలత ఉంది. చేసేవాడు పడుకున్న గోడకు కొలత లేకపోయింది.

ఏం చెయ్యాలి?

మళ్లీ తంగేడుకు పోదామా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. మేం ఆ మాట అనం. లంద నీళ్లు కూడా వాగును చెడగొడతాయి. టానిన్లు త్వరగా కుళ్లవు. అంతకు మించి, లంద చుట్టూ ఉన్నది వెట్టి. ఆ వాసన మధ్య, చెక్క కొట్టీ నీళ్లు మోసీ మన అమ్మమ్మల చేతులు పుండ్లు పడినాయి. దాన్ని బంగారు కాలమని పాడే హక్కు, దాన్ని వదిలి చదువుకున్న మాకు లేదు. మనకు కావాల్సింది వృత్తి తిరిగి రావడం కాదు. ఆ వృత్తిలో ఉన్నది జ్ఞానమని ఒప్పించడం. ఆ జ్ఞానం మీద కట్టిన శాస్త్రంలో, పరిశ్రమలో వాటా అడగడం. తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. తంగేడు చెక్క కెమిస్ట్రీ పుస్తకంలోకి ఎందుకు రాకూడదు? టానిన్ల పాఠంలో లంద అనే మాట ఒక్కసారి రాస్తే ఆ క్లాసులో కూర్చున్న మాదిగ పిల్ల తల ఎత్తి చూస్తుంది.

టీచర్లకూ విద్యార్థులకూ ఒక పని చెప్పి ముగిస్తాం. విష క్రోమియంను పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. నీటి నమూనాలో కొంచెం ఆమ్లం పోసి డైఫినైల్ కార్బజైడు కలిపితే, ఆరో రూపం ఉన్నచోట ఎర్రటి ఊదా రంగు తేలుతుంది. ఆ రంగు కూడా ఒక క్రోమియం సంశ్లిష్టమే. తెలిసిన గాఢతలతో పోల్చి 540 నానోమీటర్ల దగ్గర కొలిస్తే లెక్క వస్తుంది. డిగ్రీ కాలేజీ ల్యాబులో ఉండే కలరీమీటరు చాలు. మన తాగునీటి ప్రమాణం ప్రకారం క్రోమియం మొత్తం కలిపి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. తోళ్ల ఫ్యాక్టరీల పక్కన, ప్లేటింగు షెడ్ల పక్కన మన వాడలున్నాయి. అక్కడి బోర్ల నీళ్లు తెచ్చి పరీక్షించండి. తేదీ, చోటు, అంకె రాసిపెట్టండి. రంగు తేలకపోతే అది కూడా రాయండి. అంకెలు ఎవరి చేతిలో ఉంటే కలెక్టరు ముందు మాట వాళ్లది.

మైలను కొలవడానికి ఏ రసాయనమూ లేదు. కాలుష్యానికి ఉంది. దాన్ని కొలిచే చెయ్యి ఈసారి మన చెయ్యి కావాలి.